వయసుకు మాత్రమే సడలింపు

ఈశ్వర్ సరిహద్దులో పోలేదు. ఆ సంగతి అతని భార్య ప్రసూన ఎవరి దగ్గరా దాచలేదు. సైన్యంలో నాయక్‌గా ఉండగా అతనికి కాళ్లు వాచడం మొదలైంది. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో పుట్టిన మనిషికి ఆ వాపు ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. యూనిట్ డాక్టర్లు కోల్‌కతా సైనిక ఆసుపత్రికి పంపారు. అక్కడ ఏడాదికి పైగా డయాలసిస్ మీద బతికాడు. ప్రసూన పాపను అత్తగారి దగ్గర వదిలి, ఆసుపత్రి పక్కన ఒక గదిలో ఉండి, రోజూ అతని మంచం దగ్గర కూర్చునేది. చివరికి ఒక వానాకాలం ఉదయం పోయాడు.

వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం హోరు వినపడేంత దూరంలో వాళ్ల ఊరు. శవపేటిక ఊరు చేరిన రోజు విశాఖపట్నం నుంచి ఒక సైనిక బృందం వచ్చింది. దానికి పెద్ద ఒక ఆడపిల్ల. భుజాల మీద రెండేసి నక్షత్రాలు, పాతికేళ్లు కూడా ఉండవేమో. మీటింగుల్లో లాగా ఏదో చెప్పి వెళ్లిపోతుందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం ఈశ్వర్ తల్లి పక్కన నేల మీదే కూర్చుంది. ఆ తల్లి పేరు పెద్దతల్లి. పెద్దతల్లి తన యాసలో ఏమేమో చెప్పుకుని ఏడుస్తుంటే, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా చేయి వదలకుండా వింది. తరువాత ప్రసూనను పక్కకు తీసుకెళ్లి పెన్షన్ సంగతి, పాప చదువు సంగతి, ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో నెమ్మదిగా చెప్పింది. సాయంత్రం జీపు ఎక్కేముందు తన నంబరు ఇచ్చి, ఏ కష్టమొచ్చినా ఫోన్ చేయమంది.

ప్రసూనకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. టెక్కలిలో బీఎస్సీ చదివింది. పాప దీప్తికి నాలుగు నిండాయి. పెన్షన్ వస్తున్నా ఇంట్లో ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి, కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి చేరింది. పొద్దున్నే ఆటోలో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేది. మామగారు త్రినాథరావు తోట పనిలో ఉండేవాడు. తిత్లీ తుఫానుకు పడిపోయిన కొబ్బరి చెట్ల స్థానంలో కొత్త మొక్కలు పెంచుతూ, ఒక్కో మొక్కనూ బడికి పోయే పిల్లను చూసినట్టు చూసేవాడు. కొడుకు పోయాక ఆయన మాట తగ్గింది గాని పని తగ్గలేదు.

మూడేళ్లు అలా గడిచాయి. ఒకరోజు ఆ ఆఫీసరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి ఆమె కెప్టెన్ అయింది. దీప్తి చదువు గురించి అడిగి, "మీరు డిగ్రీ చదివారు కదా, ఆఫీసరు ఎంపికకు దరఖాస్తు చేయకూడదూ?" అంది.

ప్రసూన నవ్వేసింది. పెళ్లయి, పిల్ల ఉన్న మనిషిని, ముప్పై దాటినదాన్ని ఎవరు తీసుకుంటారని అడిగింది. మామూలుగా అయితే తీసుకోరనే చెప్పింది కెప్టెన్. మామూలు అభ్యర్థులకు పెళ్లి కాకూడదు, వయసు ఇరవైల్లోనే ఉండాలి. కానీ సర్వీసులో ఉండగా చనిపోయిన సైనికుల భార్యలకు ముప్పై అయిదు దాకా అవకాశం ఉంది. రాత పరీక్ష లేదు. పిల్లలున్నా అడ్డు లేదు. నేరుగా సెలక్షన్ బోర్డుకు పిలుస్తారు.

"ఆయన యుద్ధంలో పోలేదు మేడమ్. జబ్బు చేసి పోయారు."

"సర్వీసులో ఉండగానే కదా. అది చాలు." తరువాత ఇంకో మాట కూడా చెప్పింది కెప్టెన్. "కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లకు ఈ వీలు లేదు."

ఆ చివరి మాట దగ్గరే ప్రసూన మనసు ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికి పదిహేను రోజుల ముందే ఇంట్లో పెళ్లి మాట వచ్చింది. తెచ్చింది త్రినాథరావే. బడిలో లెక్కలు చెప్పే మహీధర్‌ది నిమ్మాడ. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసేసరికి తన పెళ్లి ఆలస్యమైపోయినవాడు. నెమ్మదస్తుడు. దీప్తి బడికి వచ్చిన రోజున ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు ఆటలా చెప్పేవాడు. అతను స్వయంగా త్రినాథరావు దగ్గరకు వచ్చి అడిగాడు.

"మంచోడమ్మా. నానే సెప్తన్నాను, సేసుకో" అన్నాడు త్రినాథరావు ఆ రోజు. "నా కొడుకు నేడని నువ్వు ఇలాగే ఉండిపోవాలేటి?"

ప్రసూన ఆలోచించుకుంటానంది. ఇష్టం లేక కాదు. మహీధర్ స్టాఫ్ రూములో ఎదురుగా కూర్చుంటే ఆ పూట తేలిగ్గా గడిచిపోయేది.

ఇప్పుడు ఈ ఫోను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు భోజనాల దగ్గర చెప్పింది. పెద్దతల్లి చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఓలమ్మా, ఒక్కడ్ని పంపి సూసినాం సాలదా? నువ్వు కూడానా?"

"అత్తా, ఎల్లిపోతానని కాదు. అడిగి సూత్తాను. తీసుకుంటారో నేదో."

"పెళ్లి మాటో?" అన్నాడు త్రినాథరావు.

"పెళ్లి సేసుకుంటే ఇది నేదు మావయ్యా. రెండిట్లో ఒకటే."

ఆయన తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. తలెత్తకుండానే, "ఇదేం రూలమ్మా. ఇధవగా ఉంటేనే రమ్మంటారేటి?" అన్నాడు. ప్రసూనకూ అదే గుచ్చుకుంటోంది. పోయిన మనిషి పేరు చెప్పుకుంటేనే తలుపు తీస్తారు, ఆ పేరు వదిలేస్తే మూసేస్తారు. అయినా ఆ ఆడపిల్ల పెద్దతల్లి చేయి పట్టుకుని కూర్చున్న తీరు ఆమె కళ్లముందు నుంచి పోవడం లేదు. ఆ పని తనకు చేతనవుతుందని ఎక్కడో లోపల గట్టిగా అనిపిస్తోంది. పాఠం చెబుతున్నప్పుడు కూడా ఎప్పుడూ అంత గట్టిగా అనిపించలేదు.

మహీధర్‌కు బడి వరండాలో చెప్పింది. అతను విని, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ, "ఎన్నాళ్లాగాలి?" అని అడిగాడు.

"ఆగమని నేను అడగనండి. అది న్యాయం కాదు."

"నేనాగుతానని అంటే?"

"అలా అంటే నేను సరిగ్గా పరిగెత్తలేను" అంది ప్రసూన. తరువాత అలా ఎందుకన్నానా అని తనే ఆశ్చర్యపోయింది.

బెంగళూరు సెలక్షన్ సెంటరు నుంచి మొదటిసారి పిలుపు వచ్చినప్పుడు ఆమెకు ఏమీ తెలియదు. చుట్టూ ఉన్న అమ్మాయిలు తనకంటే పదేళ్లు చిన్న. ఇంజినీరింగు చదివినవాళ్లు, ఎన్‌సీసీలో కవాతు చేసినవాళ్లు, గడగడా ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు. మొదటి రోజే తెర మీద ఒక మసక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. రాసింది. ఆ కథ మీద గుంపుగా కూర్చుని చర్చించమన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, ఎవరైనా ఆపితే మాట్లాడదామని ఆమె మర్యాదగా ఆగింది. ఎవరూ ఆపలేదు. సాయంత్రం తరువాతి పరీక్షలకు పిలిచిన నంబర్లలో ఆమెది లేదు. అదే రోజు తిరుగు రైలు ఎక్కించారు.

పలాస స్టేషన్‌లో త్రినాథరావు మోటారు సైకిల్‌తో నిలబడి ఉన్నాడు.

"అయిపోనాదా?"

"అయిపోనాది మావయ్యా. వయసుకి సడలింపిచ్చినారు గాని, మిగతా దేనికీ ఇవ్వనేదు."

"అయితే మిగతాది నేర్సుకో" అన్నాడాయన బండి స్టార్ట్ చేస్తూ. అంతవరకూ ఇష్టపడని మనిషి అలా అంటాడని ఆమె అనుకోలేదు. దారిలో అసలు సంగతి చెప్పాడు. ఆమె లేనప్పుడు ఊళ్లో ఎవరో, ఆడమనిషికి, అందునా మొగుడు పోయినదానికి పట్నాలు తిరుగుళ్లేమిటని అన్నారట. ఆయనకు ఒళ్లు మండిందట.

ఆ ఏడాది ప్రసూన నేర్చుకుంది. బడిలో పిల్లలతో ఇంగ్లిషే మాట్లాడింది. తప్పులొస్తే పిల్లలు నవ్వితే తనూ నవ్వింది. తెల్లవారుతూనే సముద్రపు ఒడ్డుకు పోయి ఇసుకలో పరిగెత్తింది. వలలు సర్దుకుంటున్న పైడమ్మ అనే ముసలామె మొదట్లో వింతగా చూసి, తరువాత తరువాత, "ఇయ్యాల లేటైనావే" అని పలకరించేది. పరుగు ఇసుకలో కష్టం. మొదటి నెల పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయింది.

ఆ ఎండాకాలంలోనే మహీధర్ పెళ్లి కుదిరింది. కబురు అతనే స్వయంగా చెప్పాడు, శుభలేఖ ఇచ్చేముందే. "మా అమ్మ ఆరోగ్యం బాగులేదు. ఇంక ఆగలేకపోయాను" అన్నాడు. ప్రసూన సంతోషమే అంది. నిజంగానే కొంత సంతోషం ఉంది. దీప్తిని తీసుకుని పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చింది. తిరుగు ఆటోలో దీప్తి నిద్రపోయింది. కోటబొమ్మాళి దాటాక ప్రసూనకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆటోవాడికి కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంక ఈ ప్రయత్నమూ వృథా పోతే తన దగ్గర ఏదీ మిగలదని ఆ దారిలో మొదటిసారి భయపడింది.

రెండోసారి పిలుపు వచ్చేసరికి ఆమెకు ముప్పై నాలుగు నడుస్తోంది. ఈసారి కాకపోతే మళ్లీ లేనట్టే.

సెంటరులో మొదటి పని కాగితాల పరిశీలన. వరసలో ఆమె ముందు నిలబడింది రాజకుమారి, పార్వతీపురం వైపు మనిషి. భర్త నేవీలో ఉండగా పోయాడు. రైలు దిగినప్పటి నుంచీ ఇద్దరికీ స్నేహం కుదిరింది, ఒకే యాస విని. బల్ల దగ్గర హవల్దారు రాజకుమారి పదో తరగతి సర్టిఫికెట్ చూసి, దరఖాస్తు చూసి, మళ్లీ సర్టిఫికెట్ చూసి లోపలికి తీసుకెళ్లాడు. లోపల నుంచి ఒక మేజరు వచ్చాడు. దరఖాస్తులో ఆధార్ ప్రకారం పుట్టిన తేదీ వేసింది రాజకుమారి. పదో తరగతి ప్రకారం చూస్తే ఆమెకు ముప్పై అయిదు దాటిపోయింది.

"సార్, బళ్లో వేసేటప్పుడు మా నాన్న ఒక ఏడు ఎక్కువ చెప్పాడు. చిన్నపిల్లని చేర్చుకోరని అలా చెప్పాడు. నా అసలు వయసు ఇదే" అంది రాజకుమారి హిందీలో.

మేజరు విసుక్కోలేదు. కుర్చీ తెప్పించి ఆమెను కూర్చోబెట్టాడు. "మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదమ్మా. కానీ బోర్డు పదో తరగతి సర్టిఫికెట్‌నే నమ్ముతుంది, అందరి విషయంలోనూ. మీకు దొరికిన సడలింపు ప్రభుత్వం ఇచ్చింది. దాని మీద ఇంకో సడలింపు ఇచ్చే అధికారం ఈ సెంటరులో ఎవరికీ లేదు. నేను ఇవాళ మిమ్మల్ని లోపలికి పంపినా, మీరు అన్నీ నెగ్గినా, చివర్లో ఢిల్లీలో ఆపేస్తారు. అది ఇంతకన్నా కష్టం."

రాజకుమారి తల ఊపింది. టీ ఇస్తే తాగింది. వెళ్లేముందు ప్రసూన భుజం మీద చేయి వేసి, "నువ్వు ఉత్త చేతులతో తిరిగి రాకు" అంది. ఆ తరువాత ప్రసూన తన కాగితాలు బల్ల మీద పెట్టింది. డిగ్రీ పట్టాలో పుట్టింటి ఇంటిపేరు, ఈశ్వర్ రికార్డుల్లో అత్తింటి ఇంటిపేరు. దానికి అఫిడవిట్ ముందే చేయించుకుంది. హవల్దారు చూసి, పక్కన పెట్టి, ఛాతీకి కట్టుకునే నంబరు చేతికిచ్చాడు.

ఈసారి గుంపు చర్చలో ఆగలేదు. అరవనూ లేదు. రెండోసారి అవకాశం దొరికినప్పుడు, అంతవరకూ నోరు విప్పని ఒకమ్మాయి వైపు చూసి, "ఈమె కథ కూడా విందాం" అంది. సాయంత్రం పిలిచిన నంబర్లలో ఆమెది ఉంది.

తరువాతి రోజుల్లో రాతలు, తాళ్లు, పలకలు, డ్రమ్ములతో అడ్డంకులు దాటే పరీక్షలు. ఒక అడ్డంకి దగ్గర తాడు జారి ఇసుకలో పడింది. మోచేయి చీరుకుంది. లేచి, దులుపుకుని, తరువాతి దానికి వెళ్లింది. ఇరవై రెండేళ్ల పిల్లలు దాటినన్ని ఆమె దాటలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఇంటర్వ్యూ ఒక కల్నల్ చేశాడు. ఊరు, తోటలు, బడి అన్నీ అడిగాక ఫైలు మూసి, ఇంగ్లిషులో సూటిగా అడిగాడు.

"మీ భర్త బతికి ఉంటే మీరు ఇక్కడికి వచ్చేవారా?"

నేర్చుకున్న జవాబులు చాలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ దేశసేవ చేయాలని ఉందని చెప్పమన్నారు ఎవరో. ప్రసూనకు అది నోటికి రాలేదు.

"వచ్చేదాన్ని కాదు సర్. ఆ ఆలోచనే వచ్చేది కాదు."

"మరి ఇప్పుడెందుకు?"

ఈశ్వర్‌ను తెచ్చిన రోజు గురించి చెప్పింది. ఇంగ్లిషు రెండు మూడు చోట్ల తడబడింది. "మా అత్తగారికి ఆ రోజు సైన్యమంటే ఆ అమ్మాయే సర్. ఆమె సరిగ్గా ఉంది కాబట్టి మా అత్తగారు ఇవాళ్టికీ సైన్యాన్ని తిట్టరు. అలాంటి పని నేను చేయగలను. ఆ ఇళ్లలో లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు."

కల్నల్ మళ్లీ అడిగాడు. "వయసు సడలింపు మీకు జాలితో ఇచ్చారనిపిస్తుందా?"

"మొదట అలాగే అనిపించింది సర్. ఇప్పుడు అలా లేదు. నా ఇరవైల్లో నేను ఖాళీగా కూర్చోలేదు. ఆయన సర్వీసుతో పాటు నేనూ తిరిగాను, ఆసుపత్రిలో ఉన్నాను. ఆ ఏళ్లను లెక్కలో నుంచి తీసేశారు, అంతే. మిగతావన్నీ నేను అందరితో పాటే చేయాలి. నిన్న తాడు మీద నుంచి పడ్డాను, దానికి సడలింపు అడగలేదు."

అతని మీసాల కింద చిన్న నవ్వు వచ్చి పోయింది.

చివరి రోజు ఎంపికైన నంబర్లు చదివినప్పుడు ఆమె నంబరు మూడోది. నిలబడి ముందుకు వెళ్లింది.

అక్కడితో అయిపోలేదు. సైనిక ఆసుపత్రిలో వైద్య పరీక్షలు మొదలయ్యాయి. రక్తం తీశారు, కడుపు స్కానింగ్ చేశారు. ఆ గదిలో పడుకుని, యంత్రం చల్లగా నడుము మీద కదులుతుంటే, తెర వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. ఉద్దానంలో చాలామంది పరీక్ష చేయించుకోరు, తెలిస్తే భయమని. తనూ ఇన్నేళ్లూ చేయించుకోలేదు. ఈశ్వర్ తాగిన నీళ్లే తనూ తాగింది, దీప్తీ తాగుతోంది.

ఫలితాలు చెప్పిన డాక్టరు లేడీ మేజరు. "తాత్కాలికంగా అన్‌ఫిట్" అంది. "రక్తం తక్కువగా ఉంది. మందులు వాడి, గడువులోగా అప్పీలు బోర్డు ముందుకు వెళ్లండి."

"కిడ్నీలు మేడమ్?"

"కిడ్నీలా? బాగున్నాయి. ఎందుకడిగారు?"

ప్రసూన అక్కడే కూర్చుని ఏడ్చేసింది. అన్‌ఫిట్ అన్నందుకు ఏడుస్తోందనుకుని ఆ డాక్టరు, ఇది పెద్ద సమస్య కాదు, మీకు అప్పీలు హక్కు ఉంది అని ఓదార్చింది. ప్రసూన కాదన్నట్టు తల ఊపి, కళ్లు తుడుచుకుంది. ఊరు వచ్చిన వెంటనే దీప్తికీ, మామగారికీ, అత్తగారికీ పరీక్షలు చేయించింది. అందరివీ బాగానే ఉన్నాయి.

ఆ గడువంతా పెద్దతల్లి చేతుల్లో నడిచింది. మునగాకు, రాగి అంబలి, చేపల పులుసు, ప్రభుత్వ ఆసుపత్రి ఇచ్చిన ఇనుము మాత్రలు. "తిను తిను. మిలట్రీవోళ్లు మా ఇంటి కోడలికి రగతం నేదనీసినారు. నాకు సిగ్గు కాదేటి?" అనేది. కోడలు వెళ్లిపోతుందన్న బెంగ ఆ తిట్లలో ఎక్కడో కరిగిపోయింది. అప్పీలు బోర్డులో ఫిట్ అని రాశారు.

ఇంకా ఒక మెట్టు. ఈ పద్ధతిలో ఆమె లాంటివాళ్లకు ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. ఎంపికైనవాళ్లలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన ఒకరికే అది. ఎంతమంది ఉన్నారో తెలియదు. ప్రసూన రోజూ బడికి వెళ్లింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఫోన్ తెరిచి చూస్తే జాబితా వచ్చి ఉంది. తన పేరు ఉంది. మరోసారి చూసింది. గంట మోగింది. ఎనిమిదో తరగతికి వెళ్లి ఉష్ణం పాఠం చెప్పింది. ఒక పిల్లాడు, "టీచర్, ఇయ్యాల నవ్వుతున్నారేటండి?" అన్నాడు. స్టాఫ్ రూముకు తిరిగొచ్చి మహీధర్‌కు చెప్పింది మొదట, ఎదురుగా అతనే కూర్చుని ఉన్నాడు గనక. అతను లేచి నిలబడి చేయి కలిపాడు.

చెన్నై అకాడమీలో శిక్షణ సుఖంగా ఏమీ గడవలేదు. మొదటి నెలల్లో పరుగులో చివర ఉండేది. "మేడమ్" అనాల్సిన వయసు పిల్లలు "ఓయ్" అని పిలిస్తే ముందు కోపమొచ్చి, తరువాత అలవాటైపోయింది. ఆదివారం దీప్తికి ఫోన్ చేస్తే ఆ పిల్ల ఒక్కోసారి మాట్లాడేది కాదు. అలిగి తోటలోకి పోయేది. ఆ రోజుల్లో ప్రసూనకు వదిలేసి వెళ్లిపోదామనిపించేది. త్రినాథరావు ఫోన్ అందుకుని, "పిల్ల మా దగ్గరుంది, నీ పని నువ్వు సూసుకో" అనేవాడు.

శిక్షణ పూర్తయిన రోజు ముగ్గురూ వచ్చారు. భుజం మీది నక్షత్రాలకు కప్పిన గుడ్డ తీయమంటే పెద్దతల్లి భయపడి, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని రెండు చేతులతో మెల్లగా తీసింది. దీప్తి రెండో భుజం మీది గుడ్డ తీసింది.

ఇప్పుడు లెఫ్టినెంట్ ప్రసూన జబల్‌పూర్‌లో ఉంది, సైన్యానికి సరుకులు చేరవేసే విభాగంలో. దీప్తి అక్కడి బడిలో చదువుతోంది. హిందీ తల్లికంటే బాగా వచ్చేసింది. పెద్దతల్లి నెలో రెండు నెలలో వచ్చి ఉంటుంది. త్రినాథరావు మాత్రం నాలుగో రోజుకే తోట గుర్తొచ్చి రైలెక్కేస్తాడు. ప్రసూన పొద్దున్నే ఆఫీసుకు పోతుంది, సాయంత్రం కూతురితో కూర్చుని లెక్కలు చేయిస్తుంది. లెక్కలు తనకు అంతగా రావని దీప్తి వెక్కిరిస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటూ మళ్లీ మొదటి నుంచి చేస్తారు.